నేను తీసేయమన్న ఖాళీ

మా పక్కింటి వాళ్లమ్మాయికి పుస్తకాలు వేసే కంపెనీలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం వచ్చింది. మిఠాయి పొట్లం తెచ్చిచ్చి, "తాతగారూ, మీరు జన్మంతా చేసిన పనే గదా, నాకేమన్నా చెప్పండి" అని అడిగింది. వెలుతురు ఎడమవైపు నుంచి పడేట్టు కూర్చోమన్నాను. భోజనం చేసిన వెంటనే అంకెలున్న పేజీలు ముట్టుకోవద్దన్నాను. తనకు బాగా తెలిసిన సంగతి చదివేటప్పుడే కళ్లు మోసం చేస్తాయని చెప్పాను. ఆమె సంతోషంగా వెళ్లిపోయింది. నాకు మాత్రం నా మీద నాకే చిరాకేసింది. అవన్నీ ఎవరైనా చెప్తారు. ఆ ఉద్యోగంలో నాకు జరిగిందేమిటో మా ఇంట్లోవాళ్లకు కూడా ఇంతవరకు చెప్పలేదు. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను.

కంపెనీ పేరు రాయను. అది మూతపడి చాలా కాలమైంది. అందులో పనిచేసినవాళ్లలో బతికున్నవాళ్లు ఎవరో కూడా నాకు తెలియదు. తెలియకపోవడానికి కారణం నేనే.

రాయి దగ్గర

మాది చిట్టమూరు వైపు పల్లె. నాలుగు మళ్లు వరి పండించుకునే ఇల్లు. చేతిలో కాగితం ముక్క ఉంటే మడికి నీళ్లు కట్టడం మర్చిపోయే వెధవ సేద్యానికి పనికిరాడని మా నాయన చిన్నప్పుడే తేల్చేశాడు. ఎస్సెల్సీ గట్టెక్కాక, యాభైల చివర్లో, నెల్లూరులో బడి పుస్తకాలూ గైడ్లూ అచ్చు వేసే ఒక కంపెనీలో ప్రూఫులు దిద్దడానికి చేరాను. అప్పటికి అక్కడ నలుగురు ఉన్నారు. శామ్యూలు, మస్తానయ్య, పెంచలయ్య, కరీముల్లా. నేను ఐదోవాణ్ణి. నా తర్వాత చెంగయ్య, ఇంకా కొందరు వచ్చారు.

సీసం అక్షరాలు పేర్చే కంపోజింగుకు పెద్ద శామ్యూలన్న. బిట్రగుంట రైల్వే కాలనీ పక్కన సొంత ఇల్లు. రోజూ పాసింజరు బండిలో వచ్చిపోయేవాడు. వాళ్ల నాయన రైల్వేలో చేసినవాడు. కొడుకును కూడా లోకోషెడ్డులో పెట్టించాలని చూశాడట, ఈయన బొగ్గు మసి కంటే సిరా మసే నయమని ఇటొచ్చాడు. ఆ మాట చెప్పినప్పుడల్లా రెండు చేతులూ చాపి చూపించేవాడు, ఏ మసి అయితేనేం అన్నట్టు.

నేను చేరిన కొత్తలో పని ఎలా ఉండేదో చెప్పాలి. మధ్యాహ్నం కంపోజింగు తెరిపిన పడ్డప్పుడు శామ్యూలన్న నా పక్కన స్టూలు వేసుకుని రాతప్రతి పైకి చదివేవాడు. నేను ప్రూఫు మీద వేలు పెట్టుకుని వెంట వెళ్లేవాణ్ణి. కామాలు, ఫుల్‌స్టాపులు కూడా పాస్టరు గారు వాక్యం చదివినంత గంభీరంగా చదివేవాడు. తప్పు దొరికితే నేను బల్ల మీద తట్టేవాణ్ణి. హాల్లో ఎవరో ఒకరు "యా పేజీ?" అని కేకేసేవాళ్లు. తప్పు చేసినవాడే లేచొచ్చి చూసి, నవ్వి, తీసుకుపోయేవాడు.

రెండోది, రాయి దగ్గర మడత. పుస్తకం పేజీలు ఒక్కొక్కటిగా అచ్చు కావు. పెద్ద కాగితం మీద ఒక్కో వైపు ఎనిమిదేసి పేజీలు ఒకేసారి పడతాయి. కాగితాన్ని మడిచినప్పుడు పేజీలు వరసగా రావాలంటే, ముందుగా ఒక నున్నటి రాతిబల్ల మీద సీసం పేజీలను కొన్ని తలకిందులుగా, కొన్ని నిలువుగా, లెక్క ప్రకారం పేర్చాలి. పేర్చడం శామ్యూలన్న పని. మెషీను ఎక్కించాక చేత్తో తిప్పి రెండు వైపులా అచ్చు తీసిన మొదటి కాగితాన్ని రాయి మీదికి తెచ్చి అందరి ముందూ మడిచేవాడు. నేను పక్కన నిలబడి ఒక్కొక్క పేజీ తిప్పుతూ అంకె పైకి చెప్పేవాణ్ణి. పదహారు దాకా సరిగ్గా వస్తే శామ్యూలన్న మెషీను వైపు చెయ్యి ఊపేవాడు. అప్పటిదాకా బెల్టు తిరగదు. ఇది ఏ కాగితం మీదా రాసిన నియమం కాదు. కానీ మేం ఎన్నడూ తప్పలేదు.

భోజనం వెనక వరండాలో, కాగితం బేళ్ల మీద కూర్చుని. శామ్యూలన్న భార్య ఎండు రొయ్యలు వేసి వంకాయ కూర చేసి పంపేది. నాది హోటలు కూడు. ఆ కూర సగం నా ఆకులోకే వచ్చేది. రూముకెళితే పలకరించే దిక్కులేని నాకు ఆ గంట కోసమే రోజు గడిచేది. అది ఎంత పెద్ద వస్తువో ఆ రోజుల్లో నాకు తెలియదు.

అద్దాల గది

అరవైల మొదట్లో మా పుస్తకం ఒకటి తప్పులు ఎక్కువున్నాయని తిరిగొచ్చింది. ప్రొప్రయిటరు గారు భయపడి మద్రాసు నుంచి ఒక మేనేజరును తెచ్చారు. ఆయన పేరు శేషగిరి గారు. నలగని తెల్ల చొక్కా, మెత్తటి మాట. ఎవరి మీదా గొంతు పెంచగా నేను చూడలేదు. ఆయన చెడ్డవాడు కాదని ఇప్పటికీ అంటాను. పని బాగుపడాలనే వచ్చాడు. భయం ఉంటే తప్పు రాదని నిజంగా నమ్మాడు.

ఆయన ఒక పెద్ద నోటు బుక్కు తెప్పించాడు. అట్ట మీద ఏమీ రాయలేదు గానీ మేమందరం తప్పుల పుస్తకం అనేవాళ్లం. ఏ రోజు ఎవరి వల్ల ఏ తప్పు వచ్చిందో అందులో ఎక్కించాలి. మర్నాడు పొద్దున తొమ్మిది గంటలకు, బెల్టు తిరగకముందు, అందరూ మెషీన్ల ముందు నిలబడాలి. మేనేజరు గారు చదువుతారు. పేరొచ్చినవాడు ముందుకొచ్చి తన తప్పు ఎదురుగా సంతకం పెట్టాలి. చివర్లో ఆయన "ఎవరికైనా చెప్పేదేమైనా ఉందా?" అని మర్యాదగా అడిగేవారు. ఏళ్ల తరబడి అక్షరాల అరల కేసు ముందు నిలబడి కాళ్లు వాచిన పెంచలయ్య, పైన పుస్తకాలు కుట్టే ఆడవాళ్లు చూస్తుండగా సంతకం పెట్టడానికి నడిచి వెళ్లిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

ఆ తప్పుల పుస్తకం రాసే పని నాకిచ్చారు. హాలు మూలన చెక్కతో, అద్దాలతో ఒక గది కట్టించి, ఒక ఫ్యాను, సొంత బల్ల ఇచ్చారు. ఇద్దరు కూర్చుని పైకి చదవడం కాలం దండగ, ఒక్కరే రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోవచ్చు అన్నారు. మా నాయనకు ఉత్తరం రాశాను, నాకు గది ఇచ్చారని. ఆ ఉత్తరం రాసేటప్పుడు ఎంత పొంగిపోయానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నెల తిరగకముందే హాలు మారిపోయింది. "యా పేజీ?" అన్న కేక పోయింది. ప్రూఫు తీసుకెళ్లినవాడు తప్పును నాకు తెలియకుండా ఎలా దాచాలా అని చూసేవాడు. నా కిటికీలో కాగితం పెట్టి, నేను తలెత్తేలోపు వెళ్లిపోయేవాళ్లు. వరండాలో నేను వెళితే మాటలు ఆగేవి. కొన్నాళ్లకు నేనే గదిలో తినడం మొదలుపెట్టాను. శామ్యూలన్న రెండు మూడుసార్లు గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. పని ఉందన్నా అన్నాను. అబద్ధం. నా కళ్ల ముందు తినేవాడి పేరు సాయంత్రం పుస్తకంలో ఎక్కించడం నాకు చేతకాలేదు.

మేనేజరు గారు కూడా తన గదిలో ఒక్కరే తినేవారు. అద్దంలోంచి కనిపించేది. మా ఇద్దరి గదుల మధ్య పది అడుగులు లేవు. ఒక్కరోజు కూడా కలిసి తినలేదు.

రెండు పేజీలు

ఇక్కడ నా తప్పు వస్తుంది. ఆ పుస్తకంలో లేని తప్పు.

ఐదో తరగతి లెక్కల పుస్తకం అచ్చవుతోంది. బళ్లు తెరిచేలోపు పంపాలని తొందర. ఒక ఫారంలో, అంటే ఒక పెద్ద కాగితానికి పట్టే పేజీల్లో, రెండు ఒకదాని చోట ఒకటి పడ్డాయి. పేర్చింది శామ్యూలన్నే. అప్పటికే ఆయన కళ్లద్దాలను కాగితానికి ఆనించి చదివేవాడు, నాకు తెలుసు. మొదటి కాగితం వచ్చాక ఆయన నా కిటికీ దగ్గరికొచ్చి, "మడత చూద్దాం రా" అన్నాడు. నేను రాయి దగ్గరికి వెళ్లడం అప్పటికే మానేశాను. అందరూ నన్ను చూసి ముఖం తిప్పుకునే చోటుకి ఎలా వెళ్లేది? కాగితం ఇక్కడికే పంపు, చూసి పంపిస్తానన్నాను. వచ్చిన కాగితాన్ని మడవలేదు. పరిచి, పేజీల్లోని లెక్కలు చూసి, సంతకం చేసి పంపేశాను.

పైన పుస్తకాలు కుట్టేటప్పుడు బయటపడింది. అప్పటికి ఆ ఫారం మొత్తం అచ్చయిపోయింది.

మేనేజరు గారు నన్ను పిలిచి, ఎక్కించమన్నారు. తప్పుల పుస్తకంలో పేరుకి ఒకే గడి ఉంటుంది. పేర్చింది ఆయన, చూడకుండా వదిలింది నేను. ఆ గడి ముందు కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. చివరికి శామ్యూలు అని రాశాను.

పొద్దున పేరు చదివారు. శామ్యూలన్న నడిచొచ్చి, నా రాతకు ఎదురుగా వంగి, కాగితానికి ముఖం ఆనించి సంతకం పెట్టాడు. ఎవరికైనా చెప్పేదుందా అని మేనేజరు గారు అడిగారు. శామ్యూలన్న నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాడినని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

అర్జీ

ఆ తర్వాత వారానికి హాల్లో ఏదో నడుస్తోందని పసిగట్టాను. గుసగుసలు, నేను తలెత్తితే మౌనం. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ శామ్యూలన్న నా గదిలోకి వచ్చాడు. కిటికీ దగ్గర కాదు, లోపలికి. ఒక ప్రూఫు కాగితం నా బల్ల మీద పెట్టాడు.

ప్రొప్రయిటరు గారికి అర్జీ అది. పొద్దునపూట తప్పులు చదవడం ఆపించమని, సంతకాల పద్ధతి ఎత్తేయమని, తప్పు దొరికితే పాత పద్ధతిలో చేసినవాడికే చెప్పి దిద్దించమని. చేత్తో రాయలేదు, అచ్చు కట్టారు. కింద పేర్లు, ఉద్యోగంలో చేరిన వరసలో. ఎవరి పేరు వాళ్లే సొంత కేసులోంచి పేర్చుకున్నారని చూడగానే తెలిసింది. మస్తానయ్య పేరు అరిగిన అక్షరాల్లో ఉంది, కరీముల్లాది కొత్త అక్షరాల్లో.

"రమణయ్యా, చదివియ్యి. తప్పుల్లేకండా పోవాల" అన్నాడు శామ్యూలన్న.

అని, వెళ్లలేదు. అక్కడే నిలబడ్డాడు.

నేను తలెత్తలేదు. సిగ్గు ఒకవైపు, కోపం ఒకవైపు. అందరూ కలిసి ఒక పని చేస్తూ నన్ను పిలవలేదు. నా సంతకం అక్కర్లేదు గానీ నా కళ్లు మాత్రం కావాలి వీళ్లకి అనుకున్నాను. నేను వీళ్లకు ప్రూఫులు దిద్దేవాణ్ణి, అంతే. సరే, దిద్దేవాడిలాగే దిద్దుతాను అనుకున్నాను. ఒక చోట అక్షరం తిరగబడితే గీశాను. కింద పేర్లలో కరీముల్లాకూ ఆ తర్వాతి చెంగయ్యకూ మధ్య ఒక వరస ఖాళీ కనిపించింది. పేర్చడంలో అజాగ్రత్త అనుకుని, ఖాళీ తీసేసి దగ్గరికి జరపమని మామూలుగా పెట్టే గుర్తు పక్కన పెట్టాను. కాగితం చేతికిచ్చాను.

శామ్యూలన్న దాన్ని ముఖం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతేనన్నా" అన్నాను.

వెళ్లిపోయాడు.

మర్నాడు ఆ అర్జీని, ప్రొప్రయిటరు గారు తిప్పి పంపగా, మేనేజరు గారి బల్ల మీద చూశాను. పేర్లన్నీ దగ్గర దగ్గరగా, ఒకదాని కింద ఒకటి, ఖాళీ లేకుండా అందంగా ఉన్నాయి.

అర్జీ పెట్టినందుకు ఎవరినీ ఏమీ అనలేదు. కానీ పదిరోజుల తర్వాత శామ్యూలన్నను రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. కారణం లెక్కల పుస్తకం. రుజువు నా చేతిరాత, ఆయన సంతకం. శామ్యూలన్న అక్షరాలు పేర్చే తన స్టిక్కు తుడిచి కేసు మీద పెట్టి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పి వెళ్లాడు. నా గది దగ్గరికి రాలేదు. నేను అద్దంలోంచి చూస్తూనే కూర్చున్నాను. లేవలేకపోయాను.

ఏడాదికి పొద్దునపూట చదవడం దానంతటదే ఆగిపోయింది. చేతిపని తెలిసినవాళ్లు ఒక్కొక్కరే బెజవాడకో మద్రాసుకో వెళ్లిపోయాక చదవడానికి పేర్లు మిగల్లేదు. శేషగిరి గారూ వెళ్లిపోయారు. అద్దాల గది మాత్రం తీసేయలేదు. ఎందుకు తీయలేదని అడిగితే, నేనే వద్దన్నాను. అప్పటికి బయట కూర్చోవడం నాకు మర్చిపోయిన విద్య అయిపోయింది.

బిట్రగుంట

అరవైల ఆఖర్లో కావలిలో ఒక పెళ్లికి వెళ్లి తిరిగొస్తున్నాను. పాసింజరు బిట్రగుంటలో ఆగింది. ఇంజను మార్చడానికి అక్కడ బాగా ఆలస్యమయ్యేది. ఏమనుకున్నానో, సంచి తీసుకుని దిగిపోయాను. కాలనీ పక్కన శామ్యూలు ఇల్లు అంటే ఒకావిడ చూపించింది.

వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. కళ్లద్దాలు లేవు. ఇక వాటితో పనిలేదని తర్వాత తెలిసింది. ఎవరు అన్నాడు. పేరు చెప్పాను. లోపలికి కేకేసి, రమణయ్య వచ్చినాడు, అన్నం పెట్టమన్నాడు. ఆ కేకకు నాకు ఏడుపొచ్చింది.

లెక్కల పుస్తకం సంగతి నేనే ఎత్తాను. మడవకుండా వదిలింది నేనేనన్నా, నా పేరు రాసుకోవాల్సింది అన్నాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. పేర్చింది నేనే గదా, కళ్లు అప్పటికే పోతుండాయి, ఈరోజు కాకపోతే రేపు ఇంటికి పంపేవాళ్లే అన్నాడు. అది కాదు, ఇంకొకటి అడగాల అన్నాడు.

"ఆ పొద్దు తెలిసే గీసినావా?"

"ఏందన్నా గీసింది?"

"కరీముల్లా పేరు కింద ఖాళీ."

ఖాళీ ఉంటే తీసేయమని గుర్తు పెట్టాను, అది నా పనే గదా అన్నాను.

"అచ్చులో ఖాళీ ఊరికే వస్తాదా రమణయ్యా? సీసం పెడితేనే గదా వచ్చేది. నేనే పెట్టినా, నీ పేరు పట్టేంత కొలిచి. మనోళ్లు వద్దన్నారు. వాడి చోటు వాడికి ఉంచుదాం, వాడి పేరు వాడే వచ్చి పేర్చుకుంటాడు అని నేనన్నా."

చేరిన వరసలో పేర్లు. నలుగురి తర్వాత ఐదోది. ఆ వరస చూసి కూడా నాకు తట్టలేదు. ఊళ్లో అందరి కంటే బాగా ఖాళీలు పట్టేవాణ్ణని నాకు పేరు.

"నోటితో ఒక మాట చెప్పకపోయినావా అన్నా?"

"నువ్వు తలెత్తితే చెప్దామనే నిలబడుండా" అన్నాడు.

నేను తెలియక గీశానని చెప్పాను. ఇన్నాళ్లూ తెలిసే గీసినావనుకుంటి, అందరం అట్నే అనుకున్నాం అన్నాడు. మరి తెలిసుంటే సంతకం పెట్టేవాడినా అని ఆయన అడగలేదు. నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. పెట్టేవాణ్ణి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ రాదు. ఆ గది, ఆ ఫ్యాను, మా నాయనకు రాసిన ఉత్తరం, అన్నీ గుర్తొస్తాయి. కానీ రాయి దగ్గర నాకొక చోటు ఉంచారని తెలిసి బతకడం వేరు, ఎవరికీ అక్కర్లేదనుకుని బతకడం వేరు. నేను రెండో రకంగా బతికాను, ఉత్తపుణ్యానికి.

అమ్మాయీ, అందుకే చెప్తున్నాను. మీ ఆఫీసులో మేనేజర్లు మంచివాళ్లూ ఉంటారు, కానివాళ్లూ ఉంటారు. వాళ్లతో పడే బాధ నలుగురితో కలిసి పడొచ్చు. ఎవరైనా నీ బల్ల దగ్గరికొచ్చి పని చెప్పాక కూడా నిలబడి ఉంటే, కాగితం పక్కన పెట్టి తలెత్తి చూడు. నాకు తెలిసిన ఉద్యోగం అంతే.

వంకాయ కూరతో అన్నం తిన్నాక, బండి వేళయిందని లేచాను. శామ్యూలన్న ఉండమన్నాడు.

"ఆ పేర్లు నీకు గుర్తుండాయా?"

ఉన్నాయన్నాను.

"చదువు. మధ్యాన్నాలు చదువుకునేవాళ్లం గదా, అట్టా."

అప్పట్లో చదివేవాడు ఆయన, వినేవాణ్ణి నేను. ఇప్పుడు నేను నిలబడి చదివాను. శామ్యూలు. మస్తానయ్య. పెంచలయ్య. కరీముల్లా. తర్వాత చెంగయ్య అని అనబోతుంటే, శామ్యూలన్న కుర్చీ చేతి మీద వేలితో తట్టాడు, తప్పు దొరికినప్పుడు నేను బల్ల మీద తట్టినట్టు.

"మధ్యలో ఒకటి వదిలేసినావు" అన్నాడు.